గాలానికి చేప పడాలంటే నీటిలో ఏముండాలి?

ఢిల్లీలో ఓఖ్లా పేరు చెబితే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది యమునపై తేలే తెల్లటి నురగ. చలికాలం మొదలయ్యే వేళ, ఛఠ్ పండుగ రోజుల్లో, ఆ నురగ ఫొటోలు దేశమంతా పత్రికల్లో కనిపిస్తాయి. ఒకప్పుడు ఇదే ఓఖ్లాకు వేరే పేరుండేది. ఆగ్రా కాలువలోకి నీళ్లు మళ్లించడానికి 1874 నాటికి ఇక్కడ యమునకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. 20వ శతాబ్దం తొలి దశకాల్లో, ఆ ఆనకట్ట దిగువన నీరు సుడులు తిరిగే చోట గాలాలు వేసేవారు. వాళ్లు ఆశపడింది మామూలు చేప కోసం కాదు, మహాశీర్ కోసం.

హిమాలయ నదుల బంగారు మహాశీర్ పెద్ద పొలుసులతో, దళసరి పెదవులతో, 50 కిలోల దాకా పెరగగల చేప. పాశ్చాత్య దేశాల గాలపు వేటగాళ్లకు సాల్మన్, ట్రౌట్ ఎలాగో, ఉత్తర భారత నదుల్లో వేటగాళ్లకు మహాశీర్ అలాగ. ఇప్పుడు ఇది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. ఓఖ్లా దగ్గర అది గతించిన ముచ్చటే.

సరదాకు గాలం వేసేవాళ్లు కోరుకునే చేపలకు ఒక సామ్యం ఉంది. అవి బలంగా ఈదుతాయి, దూరాలు వెళ్తాయి, అందువల్ల వాటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నీరు చెడితే అవే ముందు మాయమవుతాయి. కాబట్టి అలాంటి చేప గాలానికి పడిందంటే ఆ నీటి గురించి మనకు చాలా విషయాలు తెలిసినట్లే. ఆ విషయాలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

లీటరు నీటిలో ఎంత ఊపిరి?

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్‌కు కొదవ లేదు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. నీటిలో పరిస్థితి వేరు. ఎంత శుభ్రమైన నీరైనా లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే కరిగించుకోగలదు. అదీ నీటి వేడిని బట్టి మారుతుంది. సముద్ర మట్టం దగ్గర మంచినీటిలో గరిష్ఠంగా కరిగే ఆక్సిజన్ ఇలా ఉంటుంది:

0 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు 14.6 మిల్లీగ్రాములు
10 డిగ్రీల దగ్గర 11.3 మిల్లీగ్రాములు
20 డిగ్రీల దగ్గర 9.1 మిల్లీగ్రాములు
30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములు

అంటే నీరు వేడెక్కేకొద్దీ అందులో ఊపిరి తగ్గిపోతుంది. చల్లటి గోలీ సోడా కంటే ఎండలో పెట్టిన సోడాలో గ్యాస్ త్వరగా పోవడం మనకు తెలిసిందే. సూత్రం అదే.

ఇక్కడ చేపకు రెండో చిక్కు వస్తుంది. చేప శరీరం తన వేడిని తాను నిలుపుకోలేదు. నీరు వేడెక్కితే దాని ఒళ్లూ వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని శరీరంలో రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. అంటే నీటిలో ఆక్సిజన్ సరఫరా తగ్గే సమయంలోనే చేపకు దాని అవసరం పెరుగుతుంది. ఆదాయం తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్లన్నమాట.

కైకలూరు, భీమవరం ప్రాంతాల ఆక్వా రైతులకు ఈ లెక్క పుస్తకం చదవకుండానే తెలుసు. ఉక్కపోత రాత్రుల తరువాత తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఏరేటర్లు తిప్పుతారు. పగలు నాచు, మొక్కలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవి కూడా ఆక్సిజన్ తీసుకునేవే. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఊపిరి అతి తక్కువకు చేరుతుంది.

అన్ని చేపల అవసరమూ ఒకటి కాదు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను తల భాగంలో గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉంది. నీటిలో ఆక్సిజన్ తగ్గినా అది పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని బతికేస్తుంది. ట్రౌట్‌కు ఆ వెసులుబాటు లేదు. దానికి హాయిగా ఉండేది 10 నుంచి 16 డిగ్రీల నీరు. 20 డిగ్రీలు దాటితే ఒత్తిడికి లోనవుతుంది. 25 డిగ్రీల దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. బ్రిటిష్ పాలకులు తమ దేశపు ట్రౌట్‌ను ఇక్కడికి తెప్పించినప్పుడు దాన్ని కాశ్మీరు, కులు లోయ, నీలగిరుల్లోని చల్లటి వాగుల్లోనే వదలగలిగారు. ఢిల్లీ యమున ఎంత శుభ్రంగా ఉన్న రోజుల్లోనైనా వేసవిలో ట్రౌట్ అక్కడ బతికేది కాదు. మహాశీర్ మాత్రం వెచ్చటి నీటిని కొంతవరకు ఓర్చుకుంటుంది. దానికి ఉండి తీరాల్సింది ప్రవాహం, ఆక్సిజన్.

చల్లదనం కోసం లోతుకు

సాల్మన్, ట్రౌట్ వేటకు ప్రపంచంలో పేరున్న చోట్లలో ఉత్తర అమెరికాలోని మిషిగన్ సరస్సు ఒకటి. ఇది మంచినీటి సరస్సే అయినా విస్తీర్ణం దాదాపు 58,000 చదరపు కిలోమీటర్లు. ఢిల్లీ రాష్ట్రం లాంటివి 39 అందులో పడతాయి. గరిష్ఠ లోతు 281 మీటర్లు. మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన షికాగో కూడా దీని ఒడ్డునే ఉంది. షికాగో, మిల్వాకీ, లడింగ్టన్ లాంటి రేవుల నుంచి వేసవిలో అద్దె పడవలు బయలుదేరతాయి. నలుగురైదుగురు డబ్బు చెల్లించి పడవ మాట్లాడుకుంటారు. లైసెన్సు ఉన్న కెప్టెన్ వాళ్లను చేపలున్న చోటికి తీసుకెళ్తాడు. గాలాలు, ఎరలు అన్నీ పడవలోనే ఉంటాయి.

అంత పెద్ద సరస్సులో చేప ఎక్కడుందో కెప్టెన్‌కు ఎలా తెలుస్తుంది? అతను ముందుగా చూసేది నీటి ఉష్ణోగ్రతను.

వేసవిలో లోతైన సరస్సు పొరలుగా విడిపోతుంది. ఎండకు వేడెక్కిన పైనీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికం. అందువల్ల చల్లని, బరువైన నీరు అడుగున చేరుతుంది. ఈ రెండింటి మధ్య కొద్ది మీటర్ల లోతులోనే ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే పొర ఒకటి ఉంటుంది. దాన్ని థర్మోక్లైన్ అంటారు. చినూక్ సాల్మన్ ఇష్టపడే 10 నుంచి 13 డిగ్రీల నీరు చాలాసార్లు ఈ పొర చుట్టుపక్కలే దొరుకుతుంది. అది తినే చిన్న చేపలు కూడా దగ్గరలోనే తిరుగుతుంటాయి.

అందుకే కెప్టెన్ ఉష్ణోగ్రత కొలిచే పరికరాన్ని నీటిలోకి దించి ఆ పొర ఏ లోతులో ఉందో కనుక్కుంటాడు. తరువాత బరువైన లోహపు గుండు కట్టిన తీగతో ఎరను సరిగ్గా ఆ లోతుకు దించుతాడు. పడవను నెమ్మదిగా నడుపుతూ ఎరను ఈడ్చుకుపోతాడు. గాలి దిశ మారితే ఒడ్డు దగ్గరి వెచ్చని నీరు కొట్టుకుపోయి కింది చల్లని నీరు పైకి వస్తుంది. అప్పుడు నిన్న 30 మీటర్ల లోతులో దొరికిన చేప ఇవాళ ఒడ్డుకు దగ్గరగా దొరకవచ్చు. వేట సరదాగా మొదలైనా నడిచేది భౌతికశాస్త్రం మీదే.

సరస్సులోకి సాల్మన్ ఎలా వచ్చింది?

నిజానికి చినూక్, కోహో సాల్మన్‌లు మిషిగన్ సరస్సు చేపలు కావు. పసిఫిక్ మహాసముద్రానివి. ఇవి ఇక్కడికి రావడం వెనుక ఒక పాఠం ఉంది.

ఈ సరస్సులో పూర్వం పెద్ద వేటచేప లేక్ ట్రౌట్. మనుషులు నౌకల కోసం కాలువలు తవ్వారు. ఆ దారిలో సముద్రపు జీవి సీ లాంప్రే లోపలికి వచ్చింది. ఇది పాములా సన్నగా ఉండి, గుండ్రటి నోటితో చేపలను అంటిపెట్టుకుని రక్తం పీలుస్తుంది. 1936లో దీన్ని మిషిగన్ సరస్సులో గుర్తించారు. మితిమీరిన వేట దీనికి తోడై 1950ల నాటికి అక్కడి లేక్ ట్రౌట్ తుడిచిపెట్టుకుపోయింది.

పెద్ద చేప పోవడంతో ఏల్‌వైఫ్ అనే చిన్న చేపను తినేవి కరవయ్యాయి. ఇది కూడా సముద్రం నుంచి వచ్చిందే. దాని సంఖ్య విపరీతంగా పెరిగింది. 1967 వేసవిలో లెక్కకు అందనన్ని ఏల్‌వైఫ్‌లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. బీచ్‌లు కంపుకొట్టాయి.

ఆలోపే రెండు పనులు మొదలయ్యాయి. మొదటిది, 1958 నుంచి లాంప్రే పిల్లలు పెరిగే వాగుల్లో వాటిని మాత్రమే ఎక్కువగా చంపే రసాయనాన్ని వాడటం. రెండోది, 1966 వసంతంలో మిషిగన్ రాష్ట్ర మత్స్య అధికారి హోవర్డ్ టానర్ ఆధ్వర్యంలో కోహో సాల్మన్ పిల్లలను సరస్సులో కలిసే వాగుల్లో వదలడం. గుడ్లు ఓరెగాన్ రాష్ట్రం నుంచి వచ్చాయి. మరుసటి ఏడాది చినూక్‌నూ వదిలారు. ఏల్‌వైఫ్‌లను తిని సాల్మన్ వేగంగా పెరిగింది. రేవు పట్టణాలకు వేటగాళ్లు తరలివచ్చారు. అద్దె పడవల వ్యాపారం ఊపందుకుంది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. తరువాతి దశాబ్దాల్లో క్వాగా అనే చిన్న ఆల్చిప్పలు నౌకల్లోని నీటితో పాటు ఈ సరస్సుల్లోకి చేరాయి. ఇవి నీటిని వడకట్టి సూక్ష్మజీవులను తినేస్తాయి. ఏల్‌వైఫ్‌కు ఆధారం ఆ సూక్ష్మజీవులే. పక్కనే ఉన్న హ్యూరాన్ సరస్సులో 2003, 2004 సంవత్సరాల్లో ఏల్‌వైఫ్ కుప్పకూలింది. దాన్ని నమ్ముకున్న చినూక్ కూడా పడిపోయింది. ఆ ఒడ్డున పడవలు నడుపుకునేవారి జీవనాధారం దెబ్బతింది. ఈ అనుభవంతో మిషిగన్ సరస్సులో వదిలే చినూక్ పిల్లల సంఖ్యను 2013లో దాదాపు సగానికి తగ్గించారు. మేత లేకుండా నోళ్లు పెంచితే అసలుకే మోసం అని వాళ్లకు అర్థమైంది.

చేపకు దారి కూడా కావాలి

సాల్మన్ వాగులో పుట్టి, పెద్ద నీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ పుట్టిన వాగుకే వస్తుంది. ఎలా గుర్తుపడుతుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆర్థర్ హాస్లర్ బృందం 1970లలో మిషిగన్ సరస్సులోనే దీన్ని పరీక్షించింది. కోహో పిల్లలను పెంచే నీటిలో కొంతకాలం ఒక రసాయన వాసన కలిపారు. చేపలు పెద్దయ్యాక అదే వాసనను ఒక వాగులో కలిపితే, తాము అంతకుముందు ఎరగని ఆ వాగులోకి అవి వచ్చాయి. చిన్నప్పటి వాసనే వాటికి చిరునామా.

మనకు దగ్గరి ఉదాహరణ పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే మాట గోదావరి జిల్లాల్లో పుట్టింది ఊరికే కాదు. సముద్రంలో పెరిగిన ఈ చేప వరద నీటిలో గోదావరికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాని దారికి అడ్డుపడుతుంది. ఇదే జాతి చేప హిల్సా పేరుతో బంగాళాఖాతం నుంచి గంగలోకి వెళ్లి, ఒకప్పుడు యమునలో ఆగ్రా వరకు ఎదురీదేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక పై ప్రాంతాల్లో అది దాదాపు కనుమరుగైంది.

మహాశీర్ సముద్రం దాకా పోదు. కానీ వానాకాలంలో గుడ్లు పెట్టడానికి హిమాలయ పాదాల దగ్గరి గులకరాళ్ల వాగులకు ఎదురీదాలి. మైదానంలోకి దిగిన చేపకు తిరుగుదారి తెరిచి ఉండాలి. ఇప్పుడు యమునలో ఆ దారికి అడ్డంగా హథ్నీకుండ్, వజీరాబాద్, ఐటీవో, ఓఖ్లా బ్యారేజీలు వరసగా ఉన్నాయి.

పిల్లలను వదిలితే సరిపోతుందా?

చేపలు తగ్గాయనగానే మొదట తట్టే ఆలోచన, హేచరీలో పిల్లలను పెంచి నదిలో వదలడం. అవసరమైన చోట అది మంచి సాధనమే. కానీ తొందరపడితే ఏమవుతుందో కావేరి చెబుతుంది. ఆ నదిలో మూపురం ఉన్న మహాశీర్ ఒకటి ఉంది. అది ప్రపంచంలో మరే నదీ వ్యవస్థలోనూ లేదు. లోనావాలా హేచరీలో 1970ల నుంచి పెంచిన మరో జాతి, నీలిరెక్కల మహాశీర్‌ను కావేరిలోనూ వదిలారు. కర్ణాటకలోని గాలిబోరే శిబిరంలో వేటగాళ్లు పట్టిన చేపలను కొలిచి, పుస్తకంలో రాసి, ప్రాణంతోనే తిరిగి వదిలేవారు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. నీలిరెక్కలది పెరుగుతుంటే మూపురం చేప తగ్గిపోతున్నట్లు బయటపడింది. 2018లో మూపురం మహాశీర్‌ను తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. సరదాకు వచ్చినవాళ్ల పుస్తకం ఒక జాతి ప్రమాదాన్ని బయటపెట్టింది.

లండన్ థేమ్స్ నది మరో విషయం చెబుతుంది. 1957లో ఆ నదిని జీవంలేని నదిగా వర్ణించారు. మురుగు శుద్ధి మెరుగుపడ్డాక 1974లో అక్కడ మళ్లీ సాల్మన్ కనిపించింది. తరువాత ఏళ్ల తరబడి పిల్లలను వదిలారు. 2011లో వెలువడిన జన్యు అధ్యయనం ఆసక్తికరమైన సంగతి తేల్చింది. పరీక్షించిన సాల్మన్‌లు ఎక్కువగా పక్క నదుల నుంచి వచ్చినవే గానీ, వదిలిన పిల్లల సంతతి కాదు. నీరు బాగుపడితే చేప తనంతట తానే వస్తుంది. అయితే దారి, గుడ్లు పెట్టే చోటు లేకపోతే నిలవదు. థేమ్స్‌లో సాల్మన్ ఇప్పటికీ స్థిరపడలేదు.

22 కిలోమీటర్ల లెక్క

ఇక ఢిల్లీకి వద్దాం. యమున పొడవు 1,376 కిలోమీటర్లు. వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్లు, అంటే 2 శాతం కంటే తక్కువ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో నది మొత్తం కాలుష్య భారంలో 70 శాతానికి పైగా ఈ ముక్కలోనే చేరుతుంది. వేసవిలో వజీరాబాద్ దగ్గరే తాగునీటికి దాదాపు మొత్తం నీరు తీసేస్తారు. ఆ కిందనే నజఫ్‌గఢ్ కాలువ కలుస్తుంది. అక్కడి నుంచి నదిలో పారేది చాలావరకు మురుగే.

మురుగు చేపను ఎలా చంపుతుంది? చాలాసార్లు విషంలా కాదు, ఊపిరి లాక్కుని. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా కుళ్లబెట్టేటప్పుడు ఆక్సిజన్ వాడుకుంటుంది. ఆ అవసరాన్ని బీఓడీ అనే కొలతతో చెబుతారు. ఉదాహరణకు ఒక లీటరు శుద్ధి చేయని మురుగు బీఓడీ 250 మిల్లీగ్రాములు అనుకుందాం. నది నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉందనుకుందాం. గాలి నుంచి కొత్తగా ఆక్సిజన్ చేరకపోతే, ఆ ఒక్క లీటరు మురుగు 31 లీటర్ల మంచి నీటిలోని ఊపిరినంతా తినేస్తుంది. చేపలకు బతుకు నిలవాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని మన ప్రమాణం. అది మిగలాలంటే 60 లీటర్లకు పైగా మంచి నీరు కలవాలి. మురుగే నదిలా పారుతున్న చోట ఆ నీరెక్కడిది? అందుకే ఓఖ్లా దగ్గర పరీక్షల్లో ఆక్సిజన్ తరచూ సున్నాగా నమోదవుతుంది.

తిరిగి రావాలంటే వరస ముఖ్యం

పై ఉదాహరణలన్నీ కలిపి చూస్తే పనుల వరస తేలుతుంది. ముందు మురుగును నదిలో కలిసేలోపే శుద్ధి చేయాలి. రెండోది, నదిలో నీరు పారాలి. 1994 మే 12న యమున పరీవాహక రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందంలోనే, పర్యావరణం కోసం తాజేవాలా, ఓఖ్లా దిగువన సెకనుకు 10 ఘనపు మీటర్ల దాకా కనీస ప్రవాహం ఉండాలన్న మాట ఉంది. దాన్ని సరిపడా పెంచి, అమలు చేయాలి. మూడోది, బ్యారేజీల దగ్గర చేపలు ఎక్కిదిగే మార్గాలు. పిల్లలను వదలడం చివరి మెట్టు. అదీ ఆ నదికి చెందిన జాతినే. మొదటి మూడూ వదిలేసి నాలుగోది చేస్తే ఫొటోలకు పనికొస్తుంది గానీ నదికి పనికిరాదు.

చేసి చూడండి

1. గాజు గ్లాసులో చల్లటి కుళాయి నీరు పోసి గంటసేపు ఎండలో పెట్టండి. గ్లాసు లోపలి గోడకు అంటుకునే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలివి. నీరు వేడెక్కి వాటిని వదిలేస్తోంది. మరో గ్లాసును నీడలో ఉంచి పోల్చండి.

2. ఒక పొడవైన గ్లాసులో చల్లటి నీరు సగం పోయండి. రంగు కలిపిన వేడినీటిని చెంచా మీదుగా మెల్లగా పైన పోయండి. రెండు పొరలు విడిగా నిలుస్తాయి. మిషిగన్ సరస్సులో కెప్టెన్ వెతికే పొర ఇలాంటిదే.

3. మీ ఊరి చెరువులోనో నదిలోనో గాలం వేసే పెద్దవారిని అడగండి: 30 ఏళ్ల కిందట ఏ చేపలు పడేవి, ఇప్పుడు ఏవి పడుతున్నాయి? రెండు జాబితాలు రాయండి. రెండో జాబితాలో గాలి పీల్చి బతకగల చేపలే ఎక్కువైతే, ఆ నీటి గురించి ఏం అనుకోవచ్చు? జవాబును తరగతిలో చర్చించండి. గాలిబోరే పుస్తకంలాగే, తేదీ వేసి రాసుకున్న మీ జాబితా కూడా రేపటికి శాస్త్రీయ ఆధారం కాగలదు.